ఆరు ఖాళీ కొక్కేలు

సిస్టర్ అబద్ధం చెప్పడం లేదు. అలాగని నిజమూ చెప్పడం లేదు. ఈ రెండింటికీ మధ్య ఒక ఇరుకు సందు ఉంటుంది. ఇరవై ఆరేళ్ల సర్వీసులో సగం ఇన్‌స్పెక్టరమ్మ ఆ సందులోనే నడిచింది.

మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై. స్టేషన్ వెనకగదికి కిటికీ లేదు. సిస్టర్ ఇంకా డ్యూటీ బట్టల్లోనే ఉంది. పొద్దున్న తొమ్మిదింటికి వార్డులోంచి నేరుగా పట్టుకొచ్చారు. జేబులో ఉన్న థర్మామీటరును కూడా తీసి, అదేదో ఆయుధమైనట్టు ఆధారాల కవరులో వేశారు.

నేరం ఇది. కాలేయ మార్పిడి కోసం ఎదురుచూసేవాళ్లకు ఒక వరస పట్టీ ఉంది. పదకొండు ఆసుపత్రులకి ఒకటే పట్టీ. పేర్లుండవు, నంబర్లే. జబ్బు ముదిరినకొద్దీ మనిషి ముందుకు జరుగుతారు. సిస్టర్ వార్డులో కుట్టుపని చేసుకునే ఒకామె ఉంది. వార్డంతా టైలరమ్మ అంటారు. ఆమెను పందొమ్మిదో స్థానం నుంచి మూడో స్థానానికి సిస్టర్ దొంగచాటుగా ఎక్కించబోయిందని సైబర్ విభాగం అభియోగం. పట్టీ అలాగే చెబుతోంది. టైలరమ్మ అన్నయ్య మాత్రం, తన చెల్లెలు మూడు వారాలుగా మూడో స్థానంలోనే ఉందని, ఎవరో కిందికి తోసేశారని అంటున్నాడు.

తగువు తేలడానికి సాయంత్రం ఆరు వరకే గడువు. పొద్దున్నే ఒక దాత కుటుంబం ఒప్పుకుంది. ఆరింటికి ఆ కాలేయం పట్టీ ప్రకారం ఒకరికి వెళ్లిపోతుంది. మొదటి ఇద్దరికీ రక్తం గ్రూపు కలవలేదు. మూడో స్థానంలో ఎవరుంటే వాళ్లు బతుకుతారు. ఇంకో కాలేయం వచ్చేదాకా ఆగే ఓపిక టైలరమ్మ ఒంట్లో లేదని డాక్టర్లు రాసిచ్చారు.

"పట్టీలో ఏం రాయాలన్నా సంతకానికి వాడే తాళం మీ దగ్గరుండాలి కదా, సిస్టర్. బొటనవేలంత ఉంటుందట. మీ సామానంతా వెతికారు. దొరకలేదు," అంది ఇన్‌స్పెక్టరమ్మ.

సిస్టర్ తన గోళ్ల వంక చూసుకుంది. "ఇంట్లో ఉందేమో."

"ఇంట్లోనూ వెతికారు. మీ అత్తగారు బియ్యం డబ్బా కూడా బోర్లించి చూపించారట."

సిస్టర్ నవ్వబోయి ఆగిపోయింది. కాసేపటికి, "బాక్సులాయన దగ్గరుంది," అంది.

"ఆయనెవరు?"

"బాక్సులు పెట్టినాయన. పట్టీ ఉండేది వాటిల్లోనే. ఆసుపత్రికో బాక్సు, ఆసుపత్రికో తాళం. బాగుచేసేది ఆయనొక్కడే."

"మీ తాళం ఆయన దగ్గర ఎప్పటినుంచి ఉంది?"

"రెండేళ్లయింది మేడమ్. మూడు నెలలకోసారి తాళాన్ని కొత్తది చేయాలని వచ్చేవాడు. గంటన్నర పట్టేది. అదీ సరిగ్గా డ్యూటీ మారే వేళకి. ఒకపక్క పేషెంటు వాంతి చేసుకుంటుంటే, ఇంకోపక్క స్క్రీను మీద తిరిగే చక్రం చూస్తూ కూర్చోవాలి. ఒకరోజు విసిగిపోయి, 'మా తరఫున మీరే పెట్టేసుకోండి బాబూ' అని చేతిలో పెట్టేశాను."

"మీరొక్కరేనా?"

"నేనొక్కదాన్నే అనుకున్నాను. తెలివిగా తప్పించుకున్నాననుకున్నాను. ఓసారి శిక్షణకని అందరం ఒకచోట కలిశాం. మాటల్లో తేలింది. పదకొండు మందిమీ ఆయన చేతిలోనే పెట్టామట. ఆరోజు ఎంత నవ్వుకున్నామో."

ఇన్‌స్పెక్టరమ్మ నవ్వలేదు. "బాక్సు ఎక్కడుంది?"

"అదీ ఆయన దగ్గరే. మందుల ఫ్రిజ్ పక్కన పెట్టాం మొదట్లో. దాని వేడికీ దీని చలికీ పడక ప్లగ్గు కాలిపోయింది. 'నాకు ఏసీ గది ఉందమ్మా, అక్కడ పెట్టుకుంటా, స్క్రీను మీ దగ్గరే ఉంటుంది' అన్నాడు. స్క్రీను మీద మా ఆసుపత్రి పేరే ఉంటుంది. మాకేం తేడా తెలుస్తుంది?"

"ఈ మాట పొద్దున్న ఎందుకు చెప్పలేదు?"

"తాళం ఎవరికీ ఇవ్వకూడదని సంతకం పెట్టాం. నేను నోరు విప్పితే పదకొండు మంది ఉద్యోగాలు పోతాయి." ఆగి, గొంతు తగ్గించి అంది. "ఇందులో ఎవరూ దొంగలు కాదు మేడమ్. అందరం అలిసిపోయి ఉన్నాం, అంతే."

టైలరమ్మ అన్నయ్య వరండా బెంచీ చివర, ఇంకెవరికో చోటు ఉంచినట్టు కూర్చుని ఉన్నాడు. సరుకుల వ్యాను డ్రైవరు. ఇన్‌స్పెక్టరమ్మను చూసి లేచాడు.

"నోటుబుక్కు తెచ్చావా?"

తెచ్చాడు. అట్ట మీద చెల్లెలి నంబరు, ఇరవై రెండు పదిహేడు. లోపల టైర్ల గాలి కొలతలు, బండి తిరిగిన కిలోమీటర్లు, వాటి మధ్య ప్రతి తేదీ పక్కన సున్నా చుట్టిన ఒక అంకె. రోజూ ఏడున్నరకి బండి తీసేముందు వార్డుకి వెళ్లి, సిస్టర్ స్క్రీను చూపిస్తే రాసుకున్నాడు. పద్నాలుగు నెలల కింద నలభై ఒకటి. తర్వాత ముప్పై. పదకొండు. ఏడు. మూడు వారాలుగా మూడు, మూడు, మూడు. మొన్న గురువారం పందొమ్మిది. ఆ అంకె దగ్గర పెన్ను కాగితాన్ని చించేసింది.

"పెద్దగా చదువుకోలేదమ్మా, అంకెలు మాత్రం సరిగ్గా వేస్తాను," అన్నాడు. "పదకొండు చోట్ల ఉంటుంది, దేవుడు దిగొచ్చినా మార్చలేడని చెప్పారు. మరి మారింది కదమ్మా."

"దేవుడు మార్చలేదులే," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "నువ్వు వెళ్లి చెల్లెలి దగ్గర కూర్చో. ఇక్కడ నీతో పనిలేదు."

*

సైబర్ ఆఫీసరు గది మూడో అంతస్తులో. మనిషి తనకంటే పద్దెనిమిదేళ్లు చిన్న, హోదాలో ఒక మెట్టు పెద్ద. ఒకప్పుడు ఇతనికి పంచనామా రాయడం నేర్పింది ఇన్‌స్పెక్టరమ్మే. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది. ఇద్దరూ ఎత్తరు. డిపార్ట్‌మెంటులో ఆమెను వెనకాల పంచనామమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది ఇతనేనని ఆమెకు అనుమానం.

"రండి మేడమ్. మళ్లీ ఏదైనా కాగితం దొరికిందా?"

"దొరికింది. నువ్విచ్చిందే." అతని నివేదికలోంచే పద్నాలుగో పేజీ తీసి బల్ల మీద పెట్టింది. ఏ బాక్సు ఎప్పుడు పనిచేసింది, ఎప్పుడు ఆగింది అన్న పట్టిక. "బుధవారం. మొదటి ఆసుపత్రి బాక్సు పగలు పదకొండూ పదిహేడుకి ఆగింది. పదకొండూ యాభై రెండుకి లేచింది. రెండోది ఎప్పుడాగింది?"

అతను చూడలేదు. "పదకొండూ పదిహేడు. అన్నీ అంతే. అప్‌డేట్ అయ్యుంటుంది."

"సెకన్లతో సహా కలిసింది. మా వీధిలో కరెంటు పోతే ఎదురువరసలో ఉంటుంది. పదకొండు ఆసుపత్రుల్లో ఒకే సెకనుకి పోయిందా?"

"మేడమ్, మీకు ఇంతకుముందే చెప్పాను." చిన్నపిల్లలకి చెప్పినట్టు వేళ్లు మడిచాడు. "ఒక్కో బాక్సూ ఒక్కో పుస్తకం అనుకోండి. ప్రతి పేజీలోనూ దాని ముందు పేజీ వేలిముద్ర ఉంటుంది. పాత పేజీ ఒకటి మారిస్తే తర్వాత పేజీల ముద్రలన్నీ తప్పిపోతాయి. ఎవడో ఓపిగ్గా కూర్చుని అన్నీ తిరగరాసినా, మిగతా పది పుస్తకాలూ 'మా దగ్గర అలా లేదు' అంటాయి. ఆరు ఒప్పుకుంటేనే మాట చెల్లుతుంది. దీన్నే వికేంద్రీకరణ అంటారు."

"ఆ మాట పలకడానికే రెండు గుక్కల నీళ్లు కావాలి. మరి పదకొండు పుస్తకాలనీ ఒక్కడే కూర్చుని, ముప్పై ఐదు నిమిషాల్లో ఒకేసారి తిరగరాస్తే 'మా దగ్గర అలా లేదు' అనేది ఎవరు?"

"ఒక్కడి దగ్గర ఎలా ఉంటాయి? పదకొండు ఆసుపత్రులు, పదకొండు తాళాలు."

"అన్నీ ఒకడి దగ్గరే ఉన్నాయి." సిస్టర్ అన్నదంతా అతనికి చెప్పింది.

అతను కుర్చీలో వెనక్కి వాలాడు. "ముద్దాయి చెప్పింది. బాగుంది. నా దగ్గర పదకొండు సాక్ష్యాలున్నాయి. మీ దగ్గర దొంగపని చేసిన నర్సు మాట, వ్యాను డ్రైవరు నోటుబుక్కు. అందులో టైరు గాలి కూడా రాసుకున్నాడు."

"గాలి లెక్కలు కరెక్టుగా ఉన్నాయి. అందుకే మిగతావీ నమ్మాను." ఇన్‌స్పెక్టరమ్మ బల్లమీదికి వంగింది. "నీ మొదటి పంచనామా గుర్తుందా? తండ్రి, కొడుకు, కోడలు. ముగ్గురు సాక్షులని రాసుకొచ్చావు. చింపేశాను."

అతని మొహం ఎర్రబడింది. "అప్పుడు కొత్త."

"ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్లు పదకొండు మంది వచ్చినా సాక్షి ఒక్కడే. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే."

ఈసారి అతని గొంతులో వెటకారం లేదు.

"మా నాన్న పాత పట్టీలో పోయాడు మేడమ్. అది ఒక సూపరింటెండెంటు సొరుగులో ఉండేది. మా నాన్న ఐదు నెలలు రెండో స్థానంలో ఉన్నాడు. రోజూ ఎవరో ఒకరు ఫోన్ చేయించేవాళ్లు, రోజూ రెండో స్థానమే. ఈ పదకొండు బాక్సుల కోసం ఆరేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగాను. ఇప్పుడు మీరొచ్చి, ఒక మనిషి మాట మీద పట్టీని పక్కన పెట్టమంటున్నారు. రేపు ఇంకొకరు ఇంకో మనిషి మాట మీద పెట్టమంటారు."

ఆమె పద్నాలుగో పేజీని మడిచి మళ్లీ ఫైల్లో పెట్టుకుంది.

"ఐదింటికి పట్టీకి సీలు పడుతుంది," అన్నాడతను. "పదకొండు సూపరింటెండెంట్లకీ మధ్యాహ్నమే మెసేజ్ వెళ్లింది. కేసు తేలేదాకా అందులో ఎవరూ ఒక్క అక్షరం రాయలేరు. సాక్ష్యం భద్రంగా ఉంటుంది."

"తప్పు కూడా భద్రంగానే ఉంటుంది," అని ఆమె లేచింది. "బాక్సులాయన ఫోన్ ఎత్తడం లేదు. వెళ్తున్నాను."

*

నాలుగింటికి ఐదు నిమిషాల తక్కువ. కింద టైర్ల షాపు, పైన బాక్సులాయన గది. తలుపు లాక్ పడి ఉంది. రెండో తాళంచెవి టైర్ల షాపాయన దగ్గరుంది. చేతులకు గ్రీజు, చెవి మీద పెన్సిలు.

"పొద్దున్న ఎనిమిదింటికి ఎక్కాడమ్మా. దిగలేదు. భోజనం కూడా పైనే."

"ఎవరైనా వచ్చారా?"

"ఒకడొచ్చాడు. హెల్మెట్ తీయలేదు. భుజాన ఆసుపత్రి బ్యాగుంది. పన్నెండుంబావుకి ఎక్కాడు, పన్నెండూ ముప్పై ఐదుకి దిగాడు."

"అంత కచ్చితంగా ఎలా చెబుతున్నారు?"

"లారీ టైరు విప్పబోతుంటే ఎక్కాడు. బిగించి లేస్తుంటే దిగాడు. ఆ పనికి ఇరవై నిమిషాలు. ఇరవై రెండేళ్లుగా ఇరవై నిమిషాలే." షాపాయన ఆ మాటను కొంచెం గర్వంగా అన్నాడు. మెట్లెక్కి తలుపు తీసి పక్కకి జరిగాడు.

గది చలికి పళ్లు జివ్వుమన్నాయి. ఇనప బీరువా లాంటి అరల్లో, ఒకదాని కింద ఒకటి, పదకొండు బాక్సులు. ఒక్కోదాని మీద ఒక్కో ఆసుపత్రి పేరున్న చీటీ. పదకొండు వైర్లూ జడలా అల్లుకుని ఒకే బోర్డులోకి దిగాయి. బోర్డుకి ఒకటే స్విచ్చి.

బాక్సులాయన బల్ల మీద తల వాల్చి కూర్చున్నాడు. ఆమె వెంట వచ్చిన, నాలుగు నెలల్లో రిటైరయ్యే హెడ్ కానిస్టేబులు, "నిద్రపోతున్నాడు మేడమ్," అని, దగ్గరికెళ్లి, "కాదు," అన్నాడు.

మెడ చుట్టూ సన్నటి వైరు గీత. దవడ బిగుసుకుంది, చేతివేళ్లు ఇంకా వంగుతున్నాయి. ఏసీ పద్దెనిమిది మీద ఉంది కాబట్టి కొంచెం అటూ ఇటూ అయినా, షాపాయన చెప్పిన ఇరవై నిమిషాలకి సరిపోతోంది. అన్నం క్యారియరు మూత తీయలేదు. పక్కన తుడిచి బోర్లించిన కంచం. కుర్చీ వెనక్కి జరగలేదు. వచ్చినవాణ్ణి చూసి లేవాల్సిన అవసరం ఇతనికి కలగలేదు. తెలిసినవాడే.

బల్ల పైన గోడకి ఒక చెక్క. చెక్కకి పదకొండు కొక్కేలు, వాటి కింద అంకెలు. ఏడు నుంచి పదకొండు దాకా బొటనవేలంత నల్లటి తాళాలు వేలాడుతున్నాయి. ఒకటి నుంచి ఆరు ఖాళీ. ఐదో అంకె కింద సిస్టర్ ఆసుపత్రి పేరు.

హెడ్ కానిస్టేబులు మెడ గోక్కున్నాడు. "చంపినవాడు అన్నీ పట్టుకెళ్లొచ్చు కదా మేడమ్. సగం వదిలేశాడేంటి?"

"సగం కాదు. సగానికి ఒకటి ఎక్కువ తీసుకున్నాడు," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "ఎన్ని కావాలో తెలిసినవాడు. ఏరుకోలేదు కూడా. వరసలో మొదటి ఆరు."

నాలుగూ ముప్పై ఆరుకి సైబర్ ఆఫీసరుకి ఫోన్ చేసింది.

"నీ స్క్రీను ముందున్నావా? నీ సాక్షులు ఎంతమంది బతికున్నారు?"

"పదకొండూ పచ్చగానే ఉన్నాయి. ఎందుకు?"

ఆమె పెన్ను కొనతో బోర్డు మీది స్విచ్చి నొక్కింది. గదిలో అప్పటిదాకా ఉన్న రొద ఆగిపోయింది. అరల్లో ఒక్క దీపం లేదు.

"ఇప్పుడు చెప్పు."

"ఏం చేశారు మేడమ్?"

"ఒక వేలు. ఒక స్విచ్చి. ఎంతమంది ఉన్నారు?"

"ఒక్కటీ లేదు. పదకొండు చోట్ల పెట్టించాను మేడమ్. నేనే దగ్గరుండి పెట్టించాను."

"పెట్టించావు. తర్వాత అవి ఎవరి చేతుల్లో ఉన్నాయో అడగలేదు. బాక్సులు పదకొండున్నాయా అనేది తర్వాతి ప్రశ్న. ఒకడు రాసినదాన్ని కాదనగల మనుషులు ఎంతమంది? అది అడగాలి. ఇక్కడ ఒక్కడే ఉన్నాడు. వాణ్ణీ చంపేశారు."

విషయం రెండు ముక్కల్లో చెప్పింది. అతను విన్నాడు. విన్నాక అడిగిన మొదటి మాట, "స్విచ్చి వెయ్యండి మేడమ్," అని. "ఆరింటికి పట్టీ కనబడకపోతే కాలేయం ఎవరికీ ఇవ్వరు. పాడైపోతుంది."

వేసింది. బాక్సులు ఒక్కొక్కటే లేచాయి. నాలుగూ నలభై నాలుగు.

"టైలరమ్మను మళ్లీ మూడులో పెట్టడానికి ఏం కావాలి?"

"ఆరు తాళాలు."

ఆమె చెక్క వంక చూసింది. "ఐదున్నాయి."

"ఐదుకి చెల్లదు మేడమ్."

"కాగితం మీద రాసి సంతకం పెడతాను. సూపరింటెండెంటు ఆపలేడా?"

"పట్టీని దాటే అధికారం ఏ సూపరింటెండెంటుకీ లేదు. అది తీసేయడానికే కదా ఇదంతా కట్టాం. మనిషి అడ్డుపడకూడదని కట్టాం. ఇప్పుడు అడ్డుపడదామంటే మనిషికి దారి లేదు."

"పోనీ సీలైనా ఇప్పుడే వేసెయ్యి. వాడి చేతిలో ఆరున్నాయి. ఈలోగా ఇంకేం రాస్తాడో."

"సీలు ఐదింటికని పట్టీలోనే రాసేశాం. దాన్ని ముందుకి జరపాలన్నా..." అతను పూర్తి చేయలేదు. చేయక్కర్లేదు కూడా.

సిస్టర్‌ని వదిలిపెట్టమని చెప్పింది. అతను వెంటనే ఒప్పుకున్నాడు. ఇద్దరిలో ఎవరికీ అందులో గెలుపు కనిపించలేదు.

నాలుగూ యాభై రెండుకి పదకొండు బాక్సుల దీపాలూ ఒక్కసారిగా రెప్ప కొట్టాయి. బల్ల మీది స్క్రీను పైకి జరిగి, అడుగున కొత్త వరస ఒకటి వచ్చి నిలబడింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, సంతకాలన్నీ సరిగ్గా ఉన్నాయి.

నంబరు ఇరవై రెండు పదిహేడు. పట్టీ నుంచి తొలగింపు. కారణం మరణం. సమయం సాయంత్రం ఐదూ ముప్పై.

"మేడమ్," అన్నాడు సైబర్ ఆఫీసరు ఫోనులో. అతనూ అదే చదువుతున్నాడు. "టైము పొరపాటున పడినట్టుంది."

ఆమె చేతి గడియారం చూసుకుంది. పొరపాటు కాదు. ఐదు దాటితే అందులో ఎవరూ ఏమీ రాయలేరని పదకొండు ఆసుపత్రులకి మధ్యాహ్నమే కబురు వెళ్లింది. ఆ కబురు అందినవాళ్లలో ఎవరో ఒకరు తర్వాత చేయబోయే పనిని ముందే రాసుకున్నారు. టైలరమ్మ లేకపోతే నోటుబుక్కుకి విలువ లేదు, అడిగేవాడికి హక్కు లేదు.

"నువ్వు ఆసుపత్రికి ఎంతసేపట్లో వెళ్లగలవు?"

"నలభై నిమిషాలు. బయల్దేరుతున్నాను." కుర్చీ పడిన చప్పుడు వినబడింది.

ఆమెకి ఇక్కడినుంచి యాభై. హెడ్ కానిస్టేబులు అప్పటికే దగ్గర్లోని స్టేషనుకి ఫోన్ కలిపాడు. బండి బయటికెళ్లిందట, రాగానే పంపుతారట. వార్డు ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఆ ఫోను ఎత్తే సిస్టర్ పొద్దున్నుంచీ స్టేషన్లోనే ఉంది. ఇన్‌స్పెక్టరమ్మ ఆసుపత్రి ఆపరేటరుకి చేసింది.

"పోలీసు. నంబరు ఇరవై రెండు పదిహేడు పేషెంటు గదికి సెక్యూరిటీని పంపండి. ఇప్పుడే."

మీటలు నొక్కిన చప్పుడు. "ఆవిడ చనిపోయారండి."

"ఎప్పుడు?"

"ఐదున్నరకండి."

"ఇప్పుడు టైమెంతయింది?"

ఆపరేటరు కాస్త తడబడింది. "ఐదు కావస్తోందండి. మాకు స్క్రీను మీద ఎలా ఉంటే అలాగేనండి. చనిపోయినవాళ్ల గదికి సెక్యూరిటీని పంపాలంటే సూపరింటెండెంటుగారు చెప్పాలి."

"ఆయనకి కలపండి."

"ఆయన గదిలో లేరండి. ఇందాకే వార్డు వైపు వెళ్లారు."

ఇన్‌స్పెక్టరమ్మ మెట్లు దిగుతూనే అన్నయ్యకి కలిపింది. మొదటి రింగుకే ఎత్తాడు.

"నేనే చేద్దామనుకుంటున్నానమ్మా. మీకు వందేళ్లు." అతని గొంతు అంత తేలిగ్గా ఉండగా ఆమె ఎప్పుడూ వినలేదు. "పెద్ద డాక్టరుగారే స్వయంగా వచ్చారు. ఆరింటికి మన నంబరే అట. తయారు చెయ్యాలని నన్ను బయట కూర్చోమన్నారు. లోపల గడియ వేసుకున్నారు."

"తలుపు పగలగొట్టు."

"ఏంటమ్మా?"

"వినబడిందా? తలుపు పగలగొట్టి లోపలికి వెళ్లు. చెల్లెలి ఒంటికున్న సూదులు, గొట్టాలన్నీ పీకెయ్యి. ఆ డాక్టరుని ముట్టుకోనివ్వకు."

అటువైపు కాసేపు ఎవరివో చెప్పుల అడుగులు, దూరంగా ట్రాలీ చక్రాల చప్పుడు. అతను మాట్లాడినప్పుడు, పెద్దవాళ్ల కంగారుని సర్దిచెప్పే మనిషి మాట్లాడినట్టు నెమ్మదిగా మాట్లాడాడు.

"పద్నాలుగు నెలలు ఆగామమ్మా. ఇప్పుడు గొడవ చేస్తే మన నంబరు దాటించేస్తారు. మీరు కంగారుపడకండి. నేనిక్కడే, తలుపు ముందే కూర్చున్నాను. ఎవర్నీ లోపలికి వెళ్లనివ్వను."